వరహాలుకి డెబ్భై ఎనిమిది మార్కులు

అయ్యా, నిర్ధారణ కమిటీ వారూ! కన్నతల్లి చేత, కూతురు పక్కనే కూచుని వింటుండగా, "దీనికేటీ చేతకాదు బాబూ" అని చెప్పించింది మీరు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మూడోసారి "కాస్త గట్టిగా చెప్పమ్మా, రికార్డులోకి రావాలి" అన్నది కూడా మీరే. కాదంటే చెప్పండి. ఆ గదిలో నేనూ ఉన్నాను. గోడకి ఆనుకుని నిలబడ్డాను, నాకు కుర్చీ వెయ్యలేదు కాబట్టి.

మీలో చెడ్డవాళ్లెవరూ లేరు. అది నాకు తెలుసు. చెడ్డవాళ్లయితే నా పని తేలికయ్యేది. మీరంతా రూలు చదువుకున్న మంచివాళ్లు. అందుకే ఇంత దూరం వచ్చింది.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. భాష బాగోకపోతే బాగోలేదనుకోండి.

మా వీరన్నగట్టు కూరగాయల మార్కెట్టు గేటు పక్కన నాకు సైకిళ్ల షాపుంది. ఎదురుగా నూకరత్నం పూలతట్ట. మొగుడు పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, వరహాలు. ఇరవయ్యారేళ్లు. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. ఈ మాట నూకరత్నం ముందు అని చూడండి, తట్ట ఎత్తి కొడుతుంది. "మా గుంటకేటీ లేదు, నిదానం, అంతే" అంటుంది. ఇరవయ్యారేళ్లుగా మార్కెట్టు మొత్తానికి అదే చెప్పింది. మేమూ ఒప్పుకున్నాం.

ఆ పిల్లకి పూలు కట్టడం నేర్పడానికి పదకొండేళ్లు పట్టింది. అరటినార తడపడం, ఇటు రెండు పూలు, అటు రెండు పూలు పెట్టడం, మెలిక వేసి లాగడం. మనకైతే ఒక పూట పని. వరహాలుకి నార తడపడానికి ఒక ఏడు పట్టింది. తడిపిన నారని మళ్లీ తడపకుండా ఉండడానికి ఇంకో ఏడు. నూకరత్నం అన్నేళ్లూ ఒక్కనాడు విసుక్కోలేదని చెప్పను. విసుక్కుంది, తిట్టింది, మళ్లీ చేతిలో నార పెట్టింది. ఆఖరికి మార్కెట్టులో వరహాలు కట్టిన మూరకే గిరాకీ. మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, తక్కువైపోతుందేమోనని ఇంకో జానెడు వదులుతుంది. తల్లి నెత్తి కొట్టుకుంటుంది. అటు తిరిగి నవ్వుకుంటుంది.

కిందటేడు ఎండల్లో నూకరత్నం తట్ట దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు కొట్టి లేపాం. లేవగానే అడిగిన మొదటి మాట, "నాను పోతే దీని గతేటి అన్నయ్యా?"

"పింఛనుకి పెట్టు" అన్నాను.

"అంటే దీనికేదో ఉందని రాయించుకోడమేనా?"

"అవును."

నాతో రెండు నెలలు మాట్లాడలేదు. మూడో నెల వచ్చి షాపు ముందు నిలబడింది. "రాయి" అంది.

అశక్తతా నిర్ధారణ శిబిరానికి పిలుపొచ్చింది. నూకరత్నం కూతుర్ని పెళ్లిచూపులకి తయారు చేసినట్టు తయారు చేసింది. తలంటు పోసింది, నూనె పెట్టి జడ వేసింది, ఇస్త్రీ చేయించిన లంగా ఓణీ కట్టింది, బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. వారం రోజులు కూచోబెట్టి ఒక మాట బట్టీ పట్టించింది. నేను వద్దంటూనే ఉన్నాను. "పెద్దోళ్ల ముందుకి ఎలాగంటే అలాగ తీసుకెల్తారేటి?" అంది.

ప్రత్యేకాధికారి చక్రపాణి గారి ముందు నిలబడి వరహాలు చేతులు జోడించింది. "నమస్కారమండీ, నా పేరు వరహాలు, నాను పూలు కడతాను." బాగా వచ్చిందని సంతోషం పట్టలేక ఇంకో రెండుసార్లు చెప్పింది. చక్రపాణి గారు ముచ్చటపడ్డారు. "చాలా క్రమశిక్షణ గల అమ్మాయి" అన్నారు. నూకరత్నం నావైపు చూసింది, చూశావా అన్నట్టు.

వారానికి కాగితం వచ్చింది. అందులో ఇలా ఉంది: "శుభ్రత, బాగున్నది. నమస్కారము, బాగున్నది. స్వపరిచయము, మూడు పర్యాయములు, బాగున్నది. కావున అశక్తత ముప్పదియొకటి (31) శాతము మాత్రమే. నలుబది లేనందున అనర్హురాలు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వరహాలు మూడేళ్లు బడికి వెళ్లింది. ఆ మూడేళ్లలో ఏ పరీక్షలోనూ తొమ్మిది మార్కులు దాటలేదు. అక్షరాలు పట్టుబడలేదు గానీ అంకెలు గుర్తుపడుతుంది. ముప్పై ఒకటి చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "తప్పాను కదా మావయ్యా?" అంది. "కొంచెంలో పోయింది" అన్నాను. "ఈసారి బాగా సదుతాను" అంది.

అప్పీలు ఎలా పెట్టాలో ఆఫీసు గుమస్తా భాస్కర్రావు గారు చెప్పారు. మంచి మనిషి, నిజంగా. "చూడండి, శాతం పెరగాలంటే ప్రదర్శన తగ్గాలి. తల్లి గారు పాపను పొగిడిన ప్రతి మాటకీ మేము రెండేసి శాతం తగ్గించవలసి వస్తుంది. ఆవిడ ఇరవై నిమిషాలు పొగిడారు." నలభై ప్రశ్నల ఫారం ఇచ్చారు. పైన "చేయలేనివి" అని ఉంది. చేయగలిగినవి రాయడానికి ఎక్కడా చోటు లేదు.

షాపులో కూచుని నింపాం.

"తల దువ్వుకోగలదా?" చదివాను.

"దువ్వుతాది."

"ఒక్కతీనా?"

"పాపిడి నాను తీత్తాను. తతిమ్మాదంతా అదే."

"అయితే దువ్వుకోలేదు."

"దువ్వుతాదంటంటే! నీకు సెవుడా?"

"పింఛను కావాలా వద్దా?"

"పాపిడి తీసుకోలేదని రాయి."

"పాపిడికి గడి లేదు నూకరత్నం."

"మరి రోడ్డు దాటగలదా?" అని తర్వాతది చదివాను. నూకరత్నం చాలాసేపు ఆలోచించింది. "ఆవు దాటితే దాని ఎనకాల దాటుతాది."

"ఆవు లేకపోతే?"

"మన రోడ్డు మీద ఆవు లేనిదెప్పుడు?"

నలభై ప్రశ్నలకీ రెండు రోజులు పట్టింది. నా షాపులో మూడు సైకిళ్లు గాలి లేకుండా పడున్నాయి.

రెండోసారి కమిటీ. చక్రపాణి గారు నడిమి కుర్చీలో, పక్కన ఒక లేడీ డాక్టరు, చివర రాసుకోడానికి భాస్కర్రావు గారు. నూకరత్నానికి నేను వంద జాగ్రత్తలు చెప్పి తెచ్చాను. లోపలికి అడుగు పెట్టగానే మొదలెట్టింది. "మా గుంట కట్టిన మూరకి మార్కెట్టులో..." నేను దగ్గాను. "జానెడు ఎక్కువే వత్తాది బాబూ..." మళ్లీ దగ్గాను. ఆ దగ్గుకి చక్రపాణి గారు నాకు క్షయ పరీక్ష రాయబోయారు.

అప్పుడు డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. ఫారంలో లేని ప్రశ్న. "అమ్మా, నువ్వు లేని రోజు ఏమవుతుంది?"

నూకరత్నం ఒకసారి కూతురి చెవుల వైపు చూసింది.

"ఓ పాలి నాను జొరమొచ్చి ఆసుపత్రిలో పడిపోనాను. రెండ్రోజులు. ఇది ఇంట్లో ఉంది. అన్నం గిన్ని ఎదరే ఉంది. తినలేదు. ఎందుకు తినలేదే అంటే, తినమని ఎవులూ అనలేదంది. ఎవుడో వచ్చి సెవి దిద్దులడిగితే తీసిచ్చేసింది. ఇచ్చి ఊరుకోలేదమ్మా, గుమ్మం దాకా ఎల్లి సాగనంపింది."



"అంటే సారాంశము?" అన్నారు చక్రపాణి గారు.

"దీనికేటీ చేతకాదు బాబూ."

మిగతాది మీకు తెలుసు. మూడుసార్లు చెప్పించారు. వరహాలు తల్లి మొహంలోకి చూసి, "పూలు కడతాను కదే" అంది మెల్లగా. "ఆ వాక్యం వద్దు" అన్నారు చక్రపాణి గారు. భాస్కర్రావు గారు కొట్టేశారు.

డెబ్భై ఎనిమిది శాతం.

చక్రపాణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మనఃపూర్వక అభినందనలు! ఈ శిబిరములో మీదే అత్యధికము." భాస్కర్రావు గారు చప్పట్లు కొట్టారు. కాగితం వరహాలు చేతికిచ్చి ఫొటో తీశారు. వరహాలు అంకె చూసింది. నోరు తెరిచింది.

"మావయ్యా! డెబ్భై ఎనిమిది! అంటే ఫస్టు క్లాసు కాదా?"

నన్నేం చెప్పమంటారు? "ఫస్టు క్లాసే" అన్నాను.

మార్కెట్టు దాకా ఎదురైన వాళ్లందరికీ చెప్పింది. ఉల్లిపాయల దాలయ్య లేచి చెయ్యి కలిపాడు. కొబ్బరికాయల ముసలమ్మ ముద్దు పెట్టుకుంది. నూకరత్నం జిలేబీ పొట్లం కొంది. నాలుగడుగులు వేసి ఆగింది. "అన్నయ్యా, ఇది పంచాలా, వద్దా?"

"పంచు. పింఛనొచ్చింది కదా."

"ఏమని పంచను? నా కూతురికి ఇంత లేదు అని పంచనా?"

ఏమీ అనకుండానే పంచింది. తర్వాత తట్ట వెనకాల కూచుని కొంగు మొహం మీదకి లాక్కుంది. భుజాలు కదులుతున్నాయి. "ఏడుస్తున్నావా?" అన్నాను. "నవ్వుతున్నాను" అంది కొంగులోంచి. రెండూ నిజమే. కాసేపటికి కొంగు తీసింది. "ఇక నాను పోయినా దీనికి కూడుకి లోటు లేదు. కదా? ఈ యాల నిద్దర పడతాది నాకు." ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "నూట్లో డెబ్భై ఎనిమిది పోతే ఎంత మిగుల్తాది?"

"ఇరవై రెండు."

"ఆ ఇరవైరెండులో పూలు ఉన్నాయంటావా?"

నేను ట్యూబుకి అతుకు వేస్తున్నానని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.

కథ ఇక్కడ అయిపోవాలి. మీరు అవనివ్వలేదు. రెండు నెలలకి సర్క్యులరొచ్చింది. "ఒకసారి మంజూరైన అశక్తతా శాతమును లబ్ధిదారులు సంవత్సరము పొడవునా తరుగుదల లేకుండ కాపాడుకొనవలెను. ఇంటి ద్వారముపై సదరు శాతమును సూచించు పలక వ్రేలాడదీయవలెను. లబ్ధిదారునందు ఏదేని సామర్థ్యము సంభవించినచో ఇరువదినాలుగు గంటలలో తెలియజేయవలెను." మా వీధిలో చూపులేని సంగీతం మాస్టారి చేత కూడా "చదివి అర్థము చేసుకొంటిని" అని సంతకం పెట్టించారు. ఆయన పెట్టారు. కింద గీత మీద సరిగ్గా పెట్టారని పది శాతం తగ్గించారు.

నూకరత్నం నిజాయితీ మనిషి. పరుగెత్తుకొచ్చేది. నేను రాసిన అర్జీ ఒకటి ఇప్పటికీ మీ దగ్గర ఉండాలి: "నిన్న మధ్యాహ్నం నా కూతురు వరహాలు ఎవరూ చెప్పకుండా గ్లాసు కడిగినది. ఇకముందు జరగకుండా చూసుకుంటాను. ఈ ఒక్కసారికి క్షమించగలరు."

తర్వాత మునిసిపల్ హాల్లో మూడు రోజుల "అశక్తతా పరిరక్షణ శిక్షణ". పైనుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. చొక్కా బొత్తాం పెట్టుకోకుండా ఉండడం ఎలా, మెట్టు ఎక్కబోయి ఆగడం ఎలా, తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. కుడిచెయ్యి పోయిన వడ్రంగి పోలయ్యని లేపి నిలబెట్టాడు. "ఈయన ఎడమచేత్తో ఉలి పట్టడం నేర్చుకున్నాడు. ఎందుకు నేర్చుకున్నావయ్యా? ఎవరు నేర్చుకోమన్నారు?" పోలయ్య తల దించుకున్నాడు. మూడో రోజు పరీక్ష పెట్టారు. పాసైన వాళ్ల పింఛను ఆపేశారు, నేర్చుకునే శక్తి ఉన్నట్టు రుజువైందని. ఫెయిలైన వాళ్లకి శిక్షణ పత్రం ఇచ్చారు. పాసైన ముగ్గురూ నా దగ్గరికొచ్చారు. నేను అర్జీ రాశాను. అర్జీ సక్రమంగా ఉన్నందువల్ల తిరస్కరించారు.

వరహాలు పూలు కట్టడం ఆగింది. ఆగిందంటే మార్కెట్టులో ఆగింది. పగలు ఇంట్లో తలుపేసుకుని కట్టేది, నూకరత్నం తను కట్టినట్టు తెచ్చి అమ్మేది. కొనేవాళ్లు జానెడు ఎక్కువుండడం చూసి కనిపెట్టేసేవారు. "వరాలు బాగుందా?" అని అడిగేవారు. "ఏ వరాలు? దానికేటీ రాదు" అనేది నూకరత్నం, గొంతు పెంచి, అటూ ఇటూ చూసి.

ఏడాది తిరిగింది. కమిటీ ఈసారి మార్కెట్టుకే తనిఖీకి వచ్చింది. నూకరత్నం పొద్దున్నుంచీ చెబుతూనే ఉంది. "ఏటీ సెయ్యకు. ఊరికే కూకో."

"ఊరికే కూకుంటే మార్కులెలాగొత్తాయే?"

"వత్తాయి."

"రావు. క్రితంపాలి డెబ్భై ఎనిమిదొచ్చింది. ఈపాలి నూరు తెత్తాను."

నేను విన్నాను. విని ఆ పిల్లకి విడమరిచి చెప్పాల్సింది. ఏమని చెప్పాలో తెలియక గాలిపంపు వెతుక్కుంటూ కూచున్నాను. ఆ తప్పు నాది.

చక్రపాణి గారు తట్ట ముందు కుర్చీ వేయించుకుని కూచున్నారు. ఇంకా ఫైలు తెరవలేదు. వరహాలు నార అందుకుంది. నూకరత్నం చెయ్యి పట్టుకోబోయింది, అందలేదు. కనకాంబరాలు, మధ్య మధ్య మరువం. అలా కట్టడం నేనెప్పుడూ చూడలేదు. తల ఎత్తలేదు, పువ్వు కింద పడెయ్యలేదు. కట్టి, చక్రపాణి గారి చెయ్యి పట్టుకుని, ఆయన మోచేతి నుంచి వేలికొస దాకా రెండు మూరలు కొలిచి, ఇంకో జానెడు వదిలి, ముడేసి, ఆయన మెడలో వేసింది.

"నూరు వెయ్యండి సార్" అంది.

మార్కెట్టంతా చప్పట్లు కొట్టింది. భాస్కర్రావు గారు గడియారం చూశారు. "తొమ్మిది నిమిషాలు సార్."

చక్రపాణి గారు మెడలో దండతోనే చెప్పారు, రాసుకోమని. "సదరు లబ్ధిదారు కనకాంబరములు, మరువము సమపాళ్లలో చేర్చి, రెండు మూరల ఒక జానెడు మాలను తొమ్మిది నిమిషములలో, పర్యవేక్షణ లేకుండ తయారు చేసినది. ఇట్టి తీవ్రమైన సామర్థ్యము దృష్ట్యా అశక్తత ముప్పది యారు శాతముగ సవరించి, పింఛను రద్దు పరచడమైనది."

డాక్టరమ్మ అడ్డుపడింది. "సార్, ఆ అమ్మాయి ఇప్పటికీ ఒక్కతీ అన్నం పెట్టుకోలేదు. రోడ్డు దాటలేదు. ఎవరేది అడిగితే అది ఇచ్చేస్తుంది."

"డాక్టరు గారూ, మీవి అభిప్రాయాలు. నా మెడలో సాక్ష్యం ఉంది."

ఆ దండని కవర్లో పెట్టి సీలు వేసి ఫైలుతో తీసుకెళ్లారు.

నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది. కళ్లు వెలిగిపోతున్నాయి. "సూసినావా అన్నయ్యా? తొమ్మిది నిమిషాలు! ఇంటికాడ పన్నెండు పడతాది! అంతమంది ముందు! సెయ్యి వణకలేదు!" అంతా చెప్పింది. చెప్పి చెప్పి ఆగింది. అప్పుడు అడిగింది. "మరి నాను పోతే?"

వరహాలు కాగితం పట్టుకుని ముప్పై ఆరుని చూస్తోంది. "బాగానే కట్టాను కదా. ఎక్కడ తప్పు పోయింది?" తట్టలో మిగిలిన, తను ఇంట్లో కట్టిన దండ తీసి మెలిక మెలికా విప్పింది, తప్పు కోసం. మొత్తం విప్పేసింది. తప్పు దొరకలేదు. పూలన్నీ ఒళ్లో కుప్ప.

ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ పిల్ల నార ముట్టుకోవడం లేదు. తల్లి బతిమాలుతోంది, తిడుతోంది, చేతిలో పెడుతోంది. "వద్దే, మార్కులు పోతాయి" అంటోంది. పదకొండేళ్ల పని మీరు తొమ్మిది నిమిషాల్లో చెడగొట్టారు.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను, రాసుకోండి. ఆ ముప్పై ఆరు కొట్టేసి డెబ్భై ఎనిమిది ఇవాళే వెయ్యండి. ఆ పిల్ల రెండు మూరలు కట్టినా, రెండొందల మూరలు కట్టినా అది కదలకూడదు. మీ నలభై ప్రశ్నల ఫారం చింపి పొయ్యిలో పెట్టండి. డాక్టరమ్మ అడిగిన ఒక్క ప్రశ్నా ఉంచండి, చాలు. పోలయ్యని మళ్లీ పిలిచి అదే హాల్లో క్షమాపణ చెప్పండి. మాస్టారి పది శాతం మాస్టారికి ఇచ్చెయ్యండి. ఇవన్నీ సోమవారం లోపల కావాలి. కాకపోతే మార్కెట్టు మూసి అందరం మీ మెట్ల మీద కూచుంటాం.

కానీ సోమవారం దాకా ఆగలేని పని ఒకటుంది. రేపు పొద్దున చక్రపాణి గారు స్వయంగా రావాలి. వరహాలు ఎదురుగా కూచుని, "తప్పు నీ దండలో లేదమ్మా, మా లెక్కలో ఉంది" అని నోటితో చెప్పాలి. కాగితం పంపకండి. ఆ పిల్లకి చదవడం రాదు. అది మీరే ధ్రువీకరించారు.